పోలి వెళ్ళిన మర్నాడు

విజయవాడ దుర్గా ఘాట్. ఇంకా తెల్లవారలేదు. నిన్న ఇదే వేళకి ఈ మెట్ల మీద కాలు మోపడానికి చోటు లేదు. మార్గశిర శుద్ధ పాడ్యమి కదా, కార్తీక కథలోని పోలిని స్వర్గానికి పంపడానికి ఊరంతా కృష్ణకి వచ్చింది. ఆడవాళ్ళు అరటి దొప్పల్లో వత్తులు వెలిగించి, మూడుసార్లు నీళ్ళు తోసి, దీపాలని ముందుకి సాగనంపారు. ఇవాళ ఆ దొప్పలు మెట్ల అంచున పేరుకుని ఉన్నాయి. ఇద్దరు పారిశుద్ధ్య కార్మికులు గెడలతో వాటిని దగ్గరికి లాగి గంపల్లోకి ఎత్తుతున్నారు. పైన ఒక్క టీ బండి ఉంది. మీరు గ్లాసు పట్టుకుని, ఇంత జనం ఒక్క రాత్రిలో ఏమైపోయారని అడుగుతారు.

"నెల అయిపోయిందిగా అండీ. మళ్ళీ భవానీలు దీక్ష విరమణకి వచ్చేదాకా ఇంతే" అంటాడు టీ ఆయన.

దసరా, దీపావళి, కార్తీక సోమవారాలు, ఆదివారాల వనభోజనాలు అన్నీ గడిచిపోయాయి. ఇంక ధనుర్మాసం పట్టేదాకా, ఏడాదిని బట్టి కొద్ది రోజుల నుంచి మూడు వారాల పైదాకా, ఈ జిల్లాల్లో ఎవరూ ప్రయాణం పెట్టుకోరు. పిల్లలకి సెలవలు లేవు. సంక్రాంతికి ఎలాగూ ఊరెళ్ళాలి కదా అని అందరూ డబ్బూ, సెలవూ దాచుకుంటారు. నన్నడిగితే తిరగడానికి ఏడాదిలో ఇంతకంటే మంచి రోజులు లేవు. అయితే ఎక్కడికి వెళ్ళాలన్నది మాత్రం ఒళ్ళు దగ్గర పెట్టుకుని తేల్చుకోవాలి.

ఎందుకంటే అన్ని దారులూ ఖాళీగా లేవు. రైల్వే స్టేషన్‌లోకి వెళ్ళి చూడండి. దక్షిణం వైపు వెళ్ళే బండ్ల దగ్గర నల్ల బట్టలు, ఇరుముళ్ళు, శరణు ఘోష. మకరజ్యోతి దాకా అటు బెర్తు దొరకడం కష్టం. అరకు, లంబసింగి వైపు ఇది నడి సీజను. పొగమంచు కోసం కార్లు బారులు తీరుతాయి, గదుల అద్దెలు పెరుగుతాయి. తిరుమల సంగతి చెప్పనక్కర్లేదు. జనం లేని చోటు కావాలని బయల్దేరి జనంలోనే పడేవాళ్ళు ఎక్కువమంది ఇలాగే పడతారు.

ఆఫ్ సీజన్ అంటే గది చవగ్గా దొరికే రోజులన్న లెక్క ఒకటుంది. ఆ లెక్క నాకు సరిపోదు. గది చవగ్గా దొరికినా ఊరు నిద్రపోతుంటే అక్కడ చూడటానికేముంది? యాత్రికులు లేని రోజుల్లో ఆ ఊరు తన పనిలో తాను మునిగి ఉండాలి. అలాంటి ఊరు ఎక్కడుందో వెతుక్కోవాలి. కృష్ణా డెల్టా ఏడాది మొత్తంలో గట్టిగా పనిచేసేది సరిగ్గా ఈ వారాల్లోనే.

ఘాట్ నుంచి బస్టాండు వైపు నడవండి. ఎడమచేతి పక్క కొండ, కుడిచేతి పక్క 70 గేట్ల ప్రకాశం బ్యారేజీ. 1855లో కట్టిన పాత ఆనకట్ట స్థానంలో 1957లో వచ్చింది. దీని దగ్గర చీలిన ఏలూరు కాలువ, రైవస్ కాలువ, బందరు కాలువ ఊరిని ముక్కలు చేసుకుంటూ పోతాయి. రెండు ఒడ్డుల మీదా కలిపి 13 లక్షల ఎకరాల ఆయకట్టుకి తల ఇదే. వరి కోతకొచ్చింది కనక కాలువల్లో నీళ్ళు తగ్గించే రోజులివి. ఒడ్డున నాచు గీత పైకి తేలి కనిపిస్తుంది.

పండిట్ నెహ్రూ బస్ స్టేషన్‌లో బోర్డుల ముందు నిలబడ్డారు. అసలు ఎంపిక ఇక్కడే.

గుడివాడ మీదుగా కైకలూరు వెళితే ఆటపాక పక్షుల కేంద్రం, కొల్లేరు. గూడకొంగలు అప్పటికే వచ్చేసి ఉంటాయి. 1999లో అభయారణ్యంగా ప్రకటించిన ఆ సరస్సుని 2002లో రామ్‌సర్ జాబితాలో చేర్చారు, 2006లో చెరువుల గట్లు కొట్టేశారు, ఆ తగువు ఇంకా నడుస్తూనే ఉంది. పక్షులు మాత్రం మార్చి దాకా ఉంటాయి. అంటే కొల్లేరుకి తొందర లేదు, జనవరిలో వెళ్ళినా దొరుకుతుంది.

బందరు బస్సెక్కితే పెడన. అక్కడ అచ్చు కలంకారీకి ఎండా కావాలి, పారే నీళ్ళూ కావాలి. కరక్కాయ నీళ్ళలో ముంచిన గుడ్డ ఆరాలి, అచ్చు వేశాక ఉతకాలి, ఉడకబెట్టి మళ్ళీ ఆరేయాలి. వానాకాలమంతా కుంటినడక నడిచిన పని ఇప్పుడు ఊపందుకుంటుంది. అదీ మంచి ఎంపికే, ఎండ గట్టిపడే కొద్దీ ఇంకా బాగుంటుంది.

కొండపల్లి, ఉండవల్లి పక్కనే ఉన్నాయి, ఎప్పుడైనా వెళ్ళొచ్చు.

ఈ వారంలో తప్ప మరెప్పుడూ కనపడని దాన్ని చూడాలంటే కరకట్ట మీదుగా అవనిగడ్డ వెళ్ళే పల్లెవెలుగు ఎక్కండి. దివిసీమకి అదీ దారి. దూరం 70 కిలోమీటర్లకి అటూ ఇటూ. కారుంటే ఇంకా హాయి కదా అంటారేమో. కారులో వెళితే మీ పక్కన ఊరివాళ్ళెవరూ కూర్చోరు.

బస్సు యనమలకుదురు దాటేసరికి తెల్లవారింది. కుడిచేతి కిటికీలోంచి కృష్ణ, నది మధ్య లంకలు. లంకల్లో పసుపు ఆకు పండబారుతోంది, అరటి తోటల మీద మంచు దుప్పటి ఇంకా లేవలేదు. ఎడమచేతి వైపు కట్ట కింద వరి, కనుచూపు మేర. బస్సులో ముప్పాతిక మంది ఆడవాళ్ళే. 2025 ఆగస్టు 15 నుంచి ఆర్టీసీలో ఆడవాళ్ళకి ఉచిత ప్రయాణం వచ్చాక ఈ దారి బస్సుల రూపం మారిపోయింది. కండక్టరు ఆధార్ చూసి సున్నా టికెట్టు కొడుతున్నాడు. మీ పక్క సీటావిడ ఒళ్ళో సంచీ, సంచీలోంచి తేగల కట్ట పైకి కనిపిస్తోంది.

"ఎంతదాకా అండీ?"

దివిసీమ చూడటానికని చెబితే ఆవిడ మిమ్మల్ని పైకీ కిందకీ చూస్తుంది. "షష్ఠికా? ఇంకా నాలుగు రోజులుందిగా."

మోపిదేవి సుబ్రహ్మణ్యేశ్వరస్వామికి మార్గశిర శుద్ధ షష్ఠి పెద్ద పండగ. ఆ రోజు ఈ కట్ట మీద బస్సు కదలదు, సత్రాల్లో గది ఉండదు. క్యాలెండర్లో నవంబరు, డిసెంబరు చూసి సీజను కాదని తేల్చేస్తే సరిపోదన్నమాట. పంచాంగం కూడా చూడాలి. షష్ఠికి కాదని మీరంటే ఆవిడ ఒక తేగ విరిచి చేతిలో పెడుతుంది. కార్తీకం చివరి నుంచి సంక్రాంతి దాకానే తేగలు. పీచు తీసి కొరికితే పిండి పిండిగా, కాస్త తియ్యగా ఉంటుంది. లోపలి చందమామని పారేయకుండా తినమంటుంది.

రొయ్యూరు, తోట్లవల్లూరు దాటాక బస్సు మెల్లగా నడుస్తోంది. రోడ్డుకి ఒక పక్కంతా ధాన్యం. మిషన్ కోసిన వడ్లు పచ్చిగా ఉంటాయి. తేమ 17 శాతానికి దిగితే తప్ప మద్దతు ధరకి తీసుకోరు. కళ్ళాలు ఎప్పుడో పోయాయి కనక ఆరబెట్టడానికి రోడ్డే గతి. ఒకామె కాళ్ళతో వడ్లని చాళ్ళుగా దున్నుకుంటూ పోతోంది, కిందవి పైకి రావాలని. ఈ దారిన కారులో వచ్చినా, బండి మీద వచ్చినా ఆ గింజల మీదకి చక్రం ఎక్కించకండి. ఎదురుగా లారీ వస్తే మీరే ఆగండి. ఆ రాశి ఒక ఇంటి ఏడాది తిండి, అప్పు, పిల్లల ఫీజు.

శ్రీకాకుళంలో దిగండి. ఉత్తరాంధ్రలోది కాదు, కృష్ణ ఒడ్డున ఉన్న శ్రీకాకుళం. కళింగ దండయాత్ర దారిలో కృష్ణదేవరాయలు ఇక్కడ ఆగి ఏకాదశి ఉపవాసం ఉన్నాడు. ఆ రాత్రి ఆంధ్ర మహావిష్ణువు కలలో కనిపించి గోదాదేవి కథ తెలుగులో రాయమన్నాడని ఆముక్తమాల్యద మొదట్లో తానే చెప్పుకున్నాడు. తెలుగులో రుతువుల్ని అంత దగ్గరగా చూసి రాసిన కావ్యం మరొకటి అరుదు. వానాకాలపు బురద, తడి కట్టెల పొగ, రైతుల ఇళ్ళు అన్నీ అందులో ఉంటాయి. ధనుర్మాసం వస్తే ఈ గుళ్ళో తెల్లవారుజామునే తిరుప్పావై మొదలవుతుంది. ఇవాళ మాత్రం మండపంలో మీరు, అర్చకస్వామి, తులసి మాల కడుతున్న ముసలావిడ. స్వామిని ఎంతసేపు చూడాలనుంటే అంతసేపు చూడండి. ముందుకి జరగమనేవాళ్ళు లేరు.

గుడి వెనక బోదె గట్టు పట్టుకుని పొలంలోకి నడవండి.

చేను ఇంకా కోయలేదు. వెన్ను బరువుకి తల వాల్చేసి ఉంది. ఆ వరిలోకి ఒకాయన దిగి నడుస్తున్నాడు. నడుముకి కట్టిన గుడ్డ ఒడిలోంచి గుప్పెడు తీసి విసురుతున్నాడు. నాలుగడుగులు, మళ్ళీ విసురు. గింజలు వరి ఆకులకి తగిలి చిటపటమంటూ నేల మీదకి జారుతున్నాయి. మినుములు.

పంట మీద ఉన్న చేలో విత్తనమేమిటని మీరు గట్టు మీది నుంచే అడుగుతారు.

"ఎల్లుండి కోతండీ. ఇప్పుడు చల్లితే కోసేలోపు పదును పట్టి మొలక కన్ను విప్పుద్ది. కోసిన తర్వాత చల్లితే పైన ఆరిపోద్ది, సగం మొలవదు."

మాగాణి మినుము అంటే ఇదే. దుక్కి దున్నరు, నీళ్ళు పెట్టరు. వరి కోతకి రెండు మూడు రోజుల ముందు ఎకరానికి 16, 18 కిలోల గింజలు నిలువు పైరులో చల్లుతారు. వరి కోసేశాక నేలలో మిగిలిన తడి, పైనుంచి కురిసే మంచు, ఈ రెండింటి మీదే పైరు ఎదిగి రెండున్నర నెలల్లో చేతికొస్తుంది. మీరు విజయవాడలో తిన్న ఇడ్లీలోకి, మినపట్టులోకి, సంక్రాంతి సున్నుండల్లోకి ఈ డెల్టా పప్పు ఇలా వస్తుంది. అడుగు తీసి అడుగు వేసే ఆ నడకలో వరి విరగదు, గింజ ఒకచోట గుట్టగా పడదు. ఆ కొలత ఆయన చేతిలో ఉంది. దాన్ని చూడటానికి ఏటా ఈ డెల్టాలో దొరికేవి కొన్ని రోజులే. ఒక చేలో చూడాలంటే ఒక్క పూటే.

పక్క చేలో కోత మిషను తిరుగుతోంది. మీరు మిషను పెట్టరా అంటే తల అడ్డంగా ఊపుతాడు. "మినుము చల్లిన చేలో మిషనెక్కితే చక్రాల కింద మొలక నలిగిపోద్దండీ. గాడి పడిన చోట నీళ్ళు నిలబడతాయ్. కూలీల్నే పిలిచాం. దొరకడమే కష్టంగా ఉంది." అంటే పక్క చేనాయన మినుముని వదులుకునో, ఆలస్యంగా వేసుకుందామనో మిషను పెట్టాడు. ఒక గట్టుకి ఇటు ఒక లెక్క, అటు ఒక లెక్క. దేన్నీ తప్పనడానికి లేదు. కూలి రేట్లు చూసినా, వాన భయం చూసినా ఇద్దరికీ న్యాయం ఉంది.

ఒడి ఖాళీ అయ్యాక గట్టెక్కి కాళ్ళు కడుక్కుంటూ అడుగుతాడు. "మనదే ఊరండీ? సెలవలు కూడా కాదు, ఇటొచ్చారు?" ఇది చూడ్డానికే వచ్చానంటే నమ్మడు, కానీ సంతోషిస్తాడు. కూర్చోమంటాడు. ఫోన్ తీసి ఆకాశం వంక, ఫోన్ వంక మార్చి మార్చి చూస్తాడు. కోసిన పనలు రెండు రోజులు చేలో ఆరాలి, తర్వాత కుప్ప వేయాలి. ఈలోపు వాన పడకూడదు. ఆయన బతుకంతా ఆ నాలుగైదు రోజుల మీద నిలబడి ఉంది.

మళ్ళీ బస్సు. మోపిదేవిలో షష్ఠికి క్యూల కోసం సరుగుడు కర్రలు పాతుతున్నారు. పులిగడ్డ దగ్గర దిగి వంతెన ఎక్కండి. కృష్ణ ఇక్కడ రెండు పాయలవుతుంది, ఆ రెండింటికీ సముద్రానికీ మధ్య మిగిలిందే దివిసీమ. పక్కనే పాత అక్విడక్టు. విజయవాడలో బయల్దేరిన కాలువ నీరు ఈ పాయ మీదుగా దాటి దివి పొలాల్లోకి వెళుతుంది. కింద నది, పైన కాలువ. డెల్టా అంటే ఏమిటో పాఠం చెప్పాలంటే పిల్లల్ని ఇక్కడికి తీసుకురావాలి.

అవనిగడ్డలో భోజనం. కార్తీకం పోయింది కనక మెస్సులో మళ్ళీ పీతల కూర, పండుగప్ప పులుసు. వేళకి గంట ముందే అయిపోతాయి. నెలరోజులు నోరు కట్టుకున్న వాళ్ళు మీకంటే ముందే వచ్చేశారు. లాడ్జిలో గది అడగ్గానే దొరుకుతుంది, నదివైపు కిటికీ కావాలన్నా ఇస్తారు. ఓపికుంటే నాగాయలంక వెళ్ళి ఎదురుమొండి వైపు పంటు మీద దాటొచ్చు, మడ అడవులు అటే. బావురు పిల్లి ఉండే అడవి అది. ఉన్నది ఒక్క మధ్యాహ్నమే కనక కోడూరు మీదుగా హంసలదీవి ఆటో మాట్లాడుకోండి.

వేణుగోపాలస్వామి గుడి దాటాక పొలాలు అయిపోతాయి. రొయ్యల చెరువులు, ఉప్పుగడ్డి, సరుగుడు తోపులు. పాలకాయతిప్ప దగ్గర సముద్రం. కార్తీక పౌర్ణమికి, మాఘ పౌర్ణమికి ఇక్కడ లక్షల కాళ్ళు తొక్కుతాయి. ఇవాళ ఇసక మీద పీతల కన్నాలు తప్ప అడుగులు లేవు. కొంచెం పక్కకి నడిస్తే నది పాయ సముద్రంలో కలిసే చోటు, మట్టి రంగు నీళ్ళు ఒక గీత దాకా వచ్చి అక్కడ పచ్చబడతాయి. నీళ్ళలోకి దిగకండి. ఎవరూ లేరంటే కాపాడేవాళ్ళు కూడా లేరని అర్థం.

ఒడ్డున కొందరు ఫైబర్ బోట్లని తాళ్ళు కట్టి పైకి లాగుతున్నారు. ఇంత ఎండ కాస్తుంటే ఎందుకని అడగండి.

"బంగాళాఖాతంలో అల్పపీడనం అన్నారుగా. ఎటు పోద్దో తెలీదు. ఎందుకైనా మంచిదని."

ఇక్కడ అల్పపీడనం అన్న మాట మామూలు వార్త కాదు. 1864 నవంబరు 1న బందరుని ముంచిన ఉప్పెనలో 30 వేల మంది దాకా పోయారు. 1977 నవంబరు 19, శనివారం, దివిసీమ మీద పడ్డ ఉప్పెనలో ప్రభుత్వ లెక్కలోనే దాదాపు 10 వేల మంది. సొర్లగొంది, పాలకాయతిప్ప లాంటి ఊళ్ళు ఊళ్ళుగా కొట్టుకుపోయాయి. తాటిచెట్టు పట్టుకుని తెల్లవార్లూ వేలాడి బతికిన వాళ్ళ మాటలు ఈ ఇళ్ళలో ఇంకా నడుస్తాయి. అప్పటి మంత్రి మండలి వెంకట కృష్ణారావు ఇక్కడే ఉండి ఊళ్ళని తిరిగి నిలబెట్టే పనిలో మునిగారు. ఏటా ఆ తేదీకి ఇక్కడ చనిపోయినవాళ్ళని తలుచుకుంటారు. తర్వాతా ఆగలేదు. 2023 డిసెంబరు 5న మిచాంగ్ బాపట్ల దగ్గర తీరం దాటింది, 2025 అక్టోబరు 28న మొంథా నరసాపురం వైపు. స్తంభాల మీద నిలబెట్టిన తుపాను షెల్టర్లు, ముందే వచ్చే హెచ్చరికలు ఇప్పుడున్నాయి కనక ప్రాణాలు దక్కుతున్నాయి. వరి మాత్రం పడిపోతూనే ఉంది.

యాత్రికులు రాని కాలం ఎందుకు రాని కాలమైందో ఈ ఒడ్డున నిలబడితే తెలుస్తుంది. కోతా, తుపానూ ఒకే నెలలో వస్తాయి. ఇటొచ్చే మనిషి రెండింటికీ సిద్ధపడి రావాలి. ముందుగా డబ్బు కట్టేసిన గది, వెనక్కి తిరగలేని టికెట్టు ఈ కాలానికి పనికిరావు. ఎటైనా మళ్ళగలిగేలా సంచీ తేలిగ్గా, మనసు తేలిగ్గా ఉండాలి.

సాయంత్రం అవనిగడ్డ. అల్పపీడనం వాయుగుండం కావచ్చని వాతావరణ శాఖ చెబుతోంది, నాగపట్నం వైపా, ఒంగోలు వైపా అన్నది రేపటికి గానీ తేలదు. బజార్లో బరకాలు అమ్మే కొట్టు ముందు గుంపు. పొద్దున నాలుగు వందలన్న బరకం ఇప్పుడు ఎంతో అని గొడవ. ట్రాక్టర్లు గోతాలు వేసుకుని ఒకదాని వెనక ఒకటి మిల్లు వైపు పోతున్నాయి. లాడ్జి మేనేజరు మీ దగ్గరికి వచ్చి మర్యాదగానే అడుగుతాడు.

"రేపు కూడా ఉంటారాండీ?"

ఉండొచ్చు. గది ఉంది. కానీ రేపు గాలి తిరిగితే ఈ గదులు కరెంటు వాళ్ళకీ, రెవెన్యూ వాళ్ళకీ కావాలి. బస్సుల్లో సీట్లు లంకల్లోంచి వచ్చే ముసలివాళ్ళకీ పిల్లలకీ కావాలి. కబుర్లు చెప్పిన ఊరికి అతిథి బరువు కాకూడదు. మీరు రేపు తెల్లవారుజామునే వెళ్ళిపోతానంటారు.

"మంచిదండీ. పుష్యంలో రండి, మినుము పూత మీదుంటుంది. అప్పుడు అసలు ఎవరూ రారు ఇటు" అంటాడు మేనేజరు. తెల్లారి నాలుగున్నరకి తలుపు తట్టడానికి పలక మీద మీ గది నంబరు రాసుకుంటాడు.

పొద్దున్నే చల్లపల్లి, కూచిపూడి, పామర్రు మీదుగా వెళ్ళే బస్సు. కరకట్ట దారి కాదు, లోపలి దారి. కిటికీలోంచి చూస్తే చేలల్లో అప్పుడే టార్చిలైట్లు కదులుతున్నాయి, పనలు కుప్ప వేస్తున్నారు. మబ్బు ఇంకా పట్టలేదు. కండక్టరు వచ్చి ఎక్కడికని అడిగితే పామర్రుకి తీసుకోండి. అక్కడ మారి గుడివాడ వెళ్ళేసరికి వాతావరణ శాఖ పొద్దుటి బులెటిన్ వచ్చేస్తుంది. గాలి తమిళనాడు వైపు తిరిగితే కైకలూరు రైలు, కొల్లేరు పక్షులు. ఇటు తిరిగితే అదే ప్లాట్‌ఫారం నుంచి విజయవాడ రైలు.